దిబ్బ మీద నిమ్మకాయలు

తెనాలిలో నేను తెలుగు లెక్చరరుగా చేరి 18 సంవత్సరాలయింది. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు మన లిపి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేటప్పుడు, నల్లబల్ల మీద అశోకుని నాటి బ్రాహ్మీ అక్షరాలు కొన్ని వ్రాసి, వాటి పక్కన భట్టిప్రోలు అక్షరాలు వ్రాసి, "ఇవి ఎక్కడో కావు సుమా, మన పక్కనే, రేపల్లె రైలెక్కితే దారిలో తగిలే ఊళ్లో దొరికాయి" అని కాస్త గర్వంగా చెప్పడం నాకు అలవాటు. ఇంత చెప్పిన పెద్దమనిషి ఆ రైలెక్కి ఒక్కసారైనా అక్కడ దిగాడా అంటే, దిగలేదు. ఈ రహస్యం ఇన్నాళ్లూ మా ఆవిడకు తప్ప మరొకరికి తెలియదు. ఇప్పుడు మీకూ తెలిసింది.

పోయిన సంవత్సరం ఇదే పాఠం చెబుతూంటే వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆ పిల్లది భట్టిప్రోలు దాపునే ఒక పల్లె. రోజూ రైల్లో వచ్చి పోతుంది. "మాస్టారూ, అక్కడేముందండీ? దిబ్బే గదా!" అన్నది. క్లాసంతా గొల్లుమన్నది. ఆ పిల్ల వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది. రోజూ చూసేదానికి, ఎన్నడూ చూడనివాడు ఏమని జవాబు చెబుతాడు? గంట కొట్టారు, బతికిపోయాను.

సంక్రాంతికి మా అక్కయ్య కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. వాడు ఒక స్టూడియోలో సినిమాలకు గ్రాఫిక్సు పని చేస్తాడు. పండక్కి చేరిన చుట్టాలందరూ "ఏ హీరోయిన్ను చూశావురా?" అని అడగడం, వాడు తల గోక్కోవడం మా ఇంట్లో ఏటా జరిగే తంతు. పాపం, వాడు చూసేది హీరోయిన్ను కాదు. ఆవిడ వెనకాల గోడకు పెచ్చు లేచిన చోటూ, కిటికీ చట్రం మూలా, నేల మీద గులకరాయీ. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వాటినే చూస్తాడు. ఆ పనికి మ్యాచ్ మూవింగ్ అని పేరు. పెద్ద సినిమాల చివర తెర మీద వందల పేర్లు పైకి పాకుతూంటాయి గదా, మనం చెప్పులు వెతుక్కుంటూ లేచిపోయే సమయంలో, ఆ పేర్లలో ఎక్కడో ఈ పనివాళ్లుంటారు.

"అంటే ఏం చేస్తార్రా?" అని అడిగాను.

"మామయ్యా, మాయాబజారులో ట్రిక్కు షాట్లు గుర్తున్నాయా?" అన్నాడు వాడు.

గుర్తు లేకేం! 1957లో కె.వి.రెడ్డిగారు తీసిన ఆ చిత్రానికి మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. ఈనాటి పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. అయితే ఆ రోజుల్లో ఒక బొమ్మ మీద మరో బొమ్మ అతకాలంటే కెమేరాను బిగించేసి, వెంట్రుకవాసి కదలకుండా ఉంచడం ప్రధానం. కెమేరా కదిలిందా, రెండు బొమ్మలూ విడిపోయి గుట్టు రట్టవుతుంది. మరి 2012లో వచ్చిన 'ఈగ'లోనూ, 2015లో వచ్చిన 'బాహుబలి'లోనూ కెమేరా పరుగెత్తుతుంది, పైకెగురుతుంది, చుట్టూ తిరుగుతుంది. అయినా లేని ఈగ బల్ల మీద వాలినట్టే ఉంటుంది, లేని మాహిష్మతీ నగరం నేలలో పాతినట్టే నిలబడుతుంది. అసలు కెమేరా ఎటు కదిలిందో, ఎంత వొంగిందో లెక్క గట్టి, సరిగ్గా అదే కదలిక కదిలే ఉత్తుత్తి కెమేరాను కంప్యూటరులో తయారు చేస్తారు. లేని నగరాన్ని ఆ కెమేరాతో చూస్తారు. రెండు బొమ్మలూ అప్పుడు కలిసి కదులుతాయి. మా వాడి ఉద్యోగం ఆ లెక్క గట్టడం.

నాకు చప్పున ఒక ఆశ పుట్టింది. "ఒరే, అయితే భట్టిప్రోలు స్తూపాన్ని మళ్లీ నిలబెట్టగలవుట్రా? ఇరవై సెకండ్లు చాలు. మా క్లాసులో చూపిస్తాను."

వాడు పండగ సెలవులకొచ్చినవాడు. అయినా కాదనలేదు. కనుమ మర్నాడు ఇద్దరం రేపల్లె ప్యాసెంజరెక్కాము.

కిటికీ పక్కన కూర్చున్నాము. వేమూరు దాటాక రెండు వైపులా మినపచేలు, పచ్చటి దుప్పటి పరచినట్టు. మా వాడు బయటికి చూపించి, "ఇదే మామయ్యా మా విద్యంతా" అన్నాడు. రైలు పక్కన తంతి స్తంభాలు రివ్వున వెనక్కు పరుగెడుతున్నాయి. పొలాల మధ్య తాడిచెట్లు తీరికగా వెనక్కు జరుగుతున్నాయి. దూరాన ఊళ్ల నీళ్లట్యాంకులు దాదాపు మనతోనే వస్తున్నాయి. చిన్నప్పుడు చందమామ మన బండి వెంట వస్తాడనుకునేవాళ్లం గదా, అదే సంగతి. నిజానికి వీటిల్లో ఏదీ కదలడం లేదు, మనం కదులుతున్నాము. కదలని వస్తువులు తెర మీద ఏది ఎంత వేగంగా జరిగిందో వరుసగా గుర్తు పెట్టుకుంటే, ఏది దగ్గరో ఏది దూరమో తెలుస్తుంది. దానితోబాటే మనం ఎటు కదిలామో కూడా తెలుస్తుంది. రెండు ఫ్రేముల్లోనూ కనిపించే 8 బిందువులుంటే ఈ లెక్క నేరుగా వేయవచ్చునని 1981లో లాంగ్వెట్ హిగ్గిన్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 'నేచర్' పత్రికలో ఒక పద్ధతి ప్రకటించాడట. అసలు పనిలోకి దిగితే 8 చాలవు. అందులో రెండు మోసం చేస్తాయి, ఒకటి చెట్టు వెనక దాక్కుంటుంది. డజన్ల కొద్దీ కావాలి.

రైలు దిగి ఊళ్లోకి నడిచాము. ఈ ఊరు చూసిన మార్పులకు లెక్కలేదు. 1892లో అలెగ్జాండర్ రీ దొరవారు తవ్వకానికి వచ్చినప్పుడు ఇది కృష్ణా జిల్లా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 2022లో బాపట్ల జిల్లా వచ్చి దాన్లో కలిసింది. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉన్నది, జిల్లాలే దాని మీదుగా జరిగాయి. పూర్వం దీన్ని ప్రతీపాలపురమనేవారంటారు.

స్తూపమున్న చోటుకు ఇనుప కంచె, గేటు, లోపల పచ్చిక, నడుమ గుండ్రంగా ఇటుకల మెరక. ఆ మెరకను పాత రిపోర్టుల్లో ఒక దిబ్బ పేరుతో వ్యవహరించారు. ఊళ్లో కూడా ఆ మాటే వాడుక. ఆ పేరులో మొదటి రెండక్షరాలూ ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో వ్రాయడానికి నా కలం సాగడం లేదు, తెలిసినవారికి తెలుసును. పక్కనున్న మరో దిబ్బకు మాత్రం విక్రమార్కకోట దిబ్బ అని దర్జా అయిన పేరున్నది. విక్రమార్కునికీ ఈ ఊరికీ ఏమి చుట్టరికమో!

నిజం చెప్పాలంటే, చూడగానే నా ఉత్సాహం నీరుగారిపోయింది. ఆ అమ్మాయి అన్నదాంట్లో అబద్ధం లేదు. అడుగున వ్యాసం 40 మీటర్లు, చుట్టూ 2.4 మీటర్ల వెడల్పున వేదిక, ఆ పైన చెక్కిన పాలరాతి పలకలు తొడిగిన మహాస్తూపం ఇక్కడ ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్లు వెయ్యడానికి పోయాయి, పాలరాళ్లు వెల్లటూరు దగ్గర కాలవ తూముకు పోయాయి. పల్లెవాళ్లను అనుకోవడం దేనికి, ఇంజనీర్లే పట్టుకెళ్లారు. రీ వచ్చేనాటికి మిగిలిన మొదలును తవ్వితే నడిగర్భంలో రాతి భరిణెలు దొరికాయి. వాటి లోపల స్ఫటికపు భరిణెలు, బుద్ధుని ధాతువులు, బంగారు పూలు, పూసలు. భరిణెల మీద శాసనాలు. అవన్నీ మద్రాసు మ్యూజియానికి చేరాయి. వియన్నాలో ఆచార్యుడుగా ఉన్న బ్యూలర్ పండితుడు ఆ శాసనాలను చదివి 1894లో 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించాడు. కుబేరుడనే రాజు పేరు, కూరుడనే వాని తల్లిదండ్రుల దానం, ఊరి పెద్దల పేర్ల పట్టీ ఆ రాళ్ల మీద ఉన్నాయి. భాష ప్రాకృతం. లిపిలోనే ఉన్నది వింత. అశోకుని బ్రాహ్మిలో హల్లు వ్రాస్తే చాలు, అందులో 'అ' కారం ఉన్నట్టే. ఇక్కడ అల్లా కాదు, 'క' అనాలంటే హల్లుకు ఒక గీత విడిగా చేర్చాలి. తలకట్టు పెట్టడం మరచిపోయే పిల్లల జవాబు పత్రాలు దిద్దేవాణ్ణి, నాకు ఆ గీత ఎంత ముద్దొస్తుందో వేరే చెప్పాలా? 'ఘ, జ, మ, ల, స' అనే ఐదింటికీ ఆకారాలే వేరు. ఏ శతాబ్దానివనే విషయంలో పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు గాని, క్రీస్తు పూర్వపు రాతలు. ఇదంతా నాకు పుస్తకంలో కంఠతా వచ్చును. అక్కడ నిలబడితే మటుకు కాళ్ల కింద ఇటుకలు, నెత్తిన ఎండ, అంతే. అక్షరాలు మద్రాసులో, రాళ్లు కాలవలో, ఇటుకలు రోడ్డులో.

ఒక్క ఇటుకను మాత్రం చేత్తో కొలిచి చూశాను. మూరెడుకు దగ్గరగా ఉన్నది.

కాపలాదారు పెద్దాయన మంచివాడు. "స్టాండు మాత్రం పెట్టకండి సార్, దానికి పైవాళ్ల అనుమతి కావాలి, చేత్తో తీసుకోండి" అన్నాడు. మాకు కావలసిందీ అదే. మా వాడు చిన్న కెమేరా చేత్తో పట్టుకుని, దిబ్బ పక్కగా పీతలాగ అడ్డంగా నడుస్తూ 20 సెకండ్లు తీశాడు. ఒకచోట నిలబడి కెమేరాను అటూ ఇటూ తిప్పితే చాలదట. రైల్లో లాగా మనిషే జరగాలి, అప్పుడే దగ్గరా దూరమూ విడివడతాయి. పని అయిందనుకున్నాము. సాయంత్రం రైలుకు ఇంటికొచ్చి, భోజనాలయ్యాక మా వాడు కంప్యూటరు తెరిచాడు. బ్లెండర్ అని ఒక సాఫ్టువేరు, డబ్బు పెట్టి కొననక్కరలేదు, దానిలోనే ఈ పనంతా చేయవచ్చు.

మీట నొక్కగానే యంత్రం తనంతట తానే బొమ్మంతా వెతికి, మూడు వందల చుక్కలు పట్టుకుంది. నాకు పరమానందమయింది. లెక్క కట్టమన్నాడు. కట్టింది. స్తూపానికి గుర్తుగా ఒక పెద్ద బోర్లించిన గిన్నె బొమ్మను దిబ్బ మీద పెట్టి ఆడించాడు. ఏం చెప్పను! గిన్నె దిబ్బ మీద నిలవడం లేదు. కాలవలో పడవలాగ ఇటు తేలుతుంది, అటు తేలుతుంది, మధ్యలో ఒకసారి ఉలిక్కిపడుతుంది. వెనకాల నిలబడి చూస్తున్న మా ఆవిడ "స్తూపానికి కూడా సెలవలిచ్చారేమో" అన్నది.

మా వాడు నవ్వలేదు. ఒక్కొక్క చుక్కనే తట్టి చూడడం మొదలుపెట్టాడు. ఇక్కడే నాకు వాడి వృత్తి మీద గౌరవం కలిగింది. ఆ మూడు వందల్లో సగం వేపాకుల మీద ఉన్నాయి. గాలికి ఆకు కదులుతుంది. కదలని వస్తువే సాక్షి కావాలన్నప్పుడు కదిలేవాణ్ణి బోనెక్కిస్తే కేసు ఏమవుతుంది? కొన్ని గడ్డి మీద. కొన్ని నీడ అంచు మీద. నాలుగు చుక్కలైతే ఒక కుక్క వీపు మీద కూర్చుని దానితోబాటు షికారు పోయాయి. వీటన్నిటికంటె దొంగ చుక్క ఒకటి చూపించాడు. దగ్గర్లోని వేపకొమ్మ, దూరాన పోతున్న కరెంటు తీగెను దాటే చోట, తెర మీద చక్కటి మూల ఏర్పడింది. చూడడానికి అంత స్పష్టమైన బిందువు మరొకటి లేదు. తీరా ఆ బిందువు లోకంలోనే లేదు! మనం అడుగు జరిగితే అదీ జరుగుతుంది.

చెడ్డవాటిని తీసెయ్యగా మిగిలిన మంచి చుక్కలన్నీ ఇటుకల మీదనే. అక్కడ ఇంకొక తగాదా. ఇటుకలన్నీ ఒక్కలాగే ఉంటాయి గదా. యంత్రం ఒక చిన్న చదరపు పెట్టెలోని బొమ్మను గుర్తు పెట్టుకుని, తరువాతి ఫ్రేములో దాని చుట్టుపక్కల వెతుకుతుంది. వెతికి వెతికి, పక్క ఇటుకను చూసి ఇదే కాబోలుననుకుని అక్కడికి గెంతుతుంది. ఈ జబ్బు నాకు తెలిసినదే! తాటాకు ప్రతులు చూసినవారందరికీ తెలుసును. లేఖకుడు ఒక పంక్తిలో 'అనుచు' అనే మాట దాకా వ్రాసి, తలెత్తి, మళ్లీ మూలం వంక చూసేసరికి కన్ను కింది పంక్తిలో 'అనుచు' మీద పడుతుంది. మధ్యన రెండు పాదాలు ఎగిరిపోతాయి. వాడికి పాపం అనుమానం కూడా రాదు. అందుకే ఒక్క ప్రతిని నమ్మకూడదు, పది ప్రతులు పక్కన పెట్టుకుని చూడాలంటాము. ఈ మాట చెబితే మా వాడు, "మీదీ మాదీ ఒకటే ఉద్యోగమన్నమాట" అన్నాడు.

సారాంశమేమిటంటే చుక్కలు చాలవు. ఉన్నవి ఒకేచోట గుమిగూడాయి. మనకు ఇంకా దగ్గరగా కొన్ని, బాగా దూరంగా కొన్ని, అదనంగా కావాలి. సినిమావాళ్లయితే నేల మీద గుర్తులు అంటిస్తారు. ఇక్కడ రక్షిత కట్టడం మీద సుద్దముక్క కూడా ఆనించరాదు, ఆనించకూడదు కూడా. "పచ్చిక మీద పెట్టి మళ్లీ తీసేసేవి కావాలి మామయ్యా. గుండ్రటివి, రంగు కొట్టొచ్చేవి. పింగ్ పాంగ్ బంతులు దొరుకుతాయా?"

మా ఆవిడ వంటింట్లోనుంచి, "తెనాలిలో ఉండి బంతులెందుకు, నిమ్మకాయలు లేవూ?" అన్నది.

తెనాలి నిమ్మకాయల మార్కెట్టు ఎంత పేరుపొందినదో పాఠకులకు తెలుసును. మర్నాడు పండినవి, పసుపుపచ్చనివి ఏరి 9 నిమ్మకాయలు సంచీలో వేసుకుని, తొలి రైలుకే బయలుదేరాము. పొద్దుటిపూట గాలి ఉండదు, కొమ్మలు బుద్ధిగా ఉంటాయి.

పచ్చిక మీద ఇక్కడొకటి అక్కడొకటిగా నిమ్మకాయలు పెట్టాము. వాటిల్లో రెండింటి నడుమ టేపు పరచి సరిగ్గా 5 మీటర్లు ఉండేటట్టు చూశాడు. ఎందుకురా అంటే, ఎన్ని చుక్కలున్నా యంత్రానికి పరిమాణం తెలియదట. ఇది 40 మీటర్ల స్తూపమో, బల్ల మీద పెట్టిన కేకో, దానికి రెండూ ఒకటే. ఒక్క దూరం మనం కొలిచి చెబితే మిగిలినవన్నీ అదే చెబుతుంది. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర ఏడున్నర మైళ్ల గీత ఒకటి గొలుసుతో కొలిచి, దాని మీద త్రికోణాలు పేర్చుకుంటూ దేశాన్నంతా సర్వే చేసే పనికి శ్రీకారం చుట్టాడు గదా, మేము రెండు నిమ్మకాయలతో శ్రీకారం చుట్టాము.

అంతలో కంచె బయట ఒక ముసలావిడ ఆగింది. పాలకేను చేతిలో ఉన్నది. మమ్మల్నీ, నిమ్మకాయల్నీ, టేపునూ మార్చి మార్చి చూసి, "ఎవరికి పెట్టారు నాయనా?" అని అడిగింది.

నాకు అర్థమయ్యేటప్పటికి కాస్త ఆలస్యమయింది. తెల్లవారుజామున దిబ్బ చుట్టూ నిమ్మకాయలు పెట్టి గొణుక్కుంటున్న ఇద్దరు మొగాళ్లను చూసి ఎవరు మాత్రం మరేమనుకుంటారు? ఆవిడ వెనక మరో ఇద్దరు చేరారు. నేను తెలుగు లెక్చరరునమ్మా అన్నాను. దానివల్ల అనుమానం తగ్గినట్టు కనబడలేదు. చివరికి కాపలాదారు పెద్దాయన వచ్చి, "సినిమా పని అవ్వా" అనేసరికి అందరి మొహాలూ వికసించాయి. ఏ హీరోయిన్ వస్తున్నదని అడిగారు. మా వాడు అలవాటు కొద్దీ తల గోక్కున్నాడు.

షాటు అయ్యాక, "ఒక్క కాయ కూడా వదలకుండా తీసుకుపోండి సార్, తరవాత నాకు మాట వస్తుంది" అన్నాడు పెద్దాయన. ఏరి లెక్క పెడితే 8 వచ్చాయి. పచ్చికంతా వెతికాము. రైలు వేళయింది, వచ్చేశాము.

ఈసారి యంత్రాన్ని దాని మానాన వదలలేదు. నిమ్మకాయలు, కరెంటు స్తంభం తల, తాడిమాను మీద మచ్చలు, ఇటుకలలో పెచ్చు లేచి ప్రత్యేకంగా కనిపించేవి ఏరి, ఒక్కొక్కదానికి పెట్టె చేత్తో బిగించాడు. గోడ అంచు పనికిరాదు సుమా. అంచు వెంట ఎటు జారినా ఒక్కలాగే ఉంటుంది. రెండంచులు కలిసే మూల కావాలి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 500 ఫ్రేములు. తప్పు సగటున తెర మీద అర చుక్క కంటె తక్కువకు వచ్చింది. మొదటిసారి ఏడుండేది. గిన్నెను పెట్టి ఆడిస్తే, దిబ్బ మీద కూర్చున్నది.

సరే గదా, పడుకుందామన్నాను. వాడు లేవలేదు. కెమేరా కుదిరింది గాని, స్తూపం అడుగు పాత ఇటుకలను తాకే చోటు ఇంకా కుదరలేదు. ఆ వరుస వెంట మరికొన్ని బిందువులు అదనంగా పట్టుకోవాలి, లేకపోతే మొదలు గాలిలో తేలినట్టో నేలలో దిగబడినట్టో ఉంటుంది. వీటి తరహా వేరు. ఇవి తాము ఎక్కడున్నవో చెబుతాయి గాని, కెమేరా ఎక్కడున్నదనే తీర్మానంలో వీటికి వోటు ఉండదు. వీటి విలువ సున్నా అని యంత్రానికి ముందే చెప్పాలి. కుదిరినదాన్ని కొత్తవాళ్లొచ్చి చెడగొట్టకుండా ఈ ఏర్పాటు. మొత్తం 11. పదింటిని వాడు చేశాడు. ఒక దాన్ని నాకిచ్చాడు.

నా వాటాకు వచ్చింది వేదిక పక్కన ఒక ఇటుక, కుడి మూల కొరికినట్టుండేది. ఒక ఫ్రేము జరపడం, మూల మీద గురి పెట్టడం, మరో ఫ్రేము జరపడం. నూరు దాటేసరికి నాకు ఆ ఇటుక మా ఇంటి గడప కంటె బాగా తెలిసింది. దాని మీద ఎవరిదో వేలి నొక్కులాంటి గుంట ఉన్నది. పచ్చి ఇటుకను అచ్చులోనుంచి తీసేటప్పుడు పడిందో, తరవాతి దెబ్బో తెలియదు. 212వ ఫ్రేములో కుక్క అడ్డం వచ్చింది. నిన్నటి కుక్కే. అది దాటేదాకా 14 ఫ్రేములు గుడ్డిగా వదిలి, అవతల మళ్లీ ఆ గుంటను వెతికి పట్టుకున్నాను. దొరికినప్పుడు, తప్పిపోయిన పిల్ల తిరునాళ్లలో కనిపించినంత సంతోషమయింది. 18 ఏళ్లుగా భట్టిప్రోలు గురించి చెబుతున్నాను; భట్టిప్రోలులో ఒక్క ఇటుకను నేను చూడడం అదే మొదలు.

ఇక స్తూపం బొమ్మ దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. మా వాడు అమరావతి పలకల మీద చెక్కిన స్తూపాల ఫొటోలు దించి పెట్టుకున్నాడు. గోళం, హర్మిక, గొడుగులు, నాలుగు దిక్కులా స్తంభాలు. వాటిని చూసి, ఎండ పడితే తళతళలాడే పాలరాతి కట్టడం ఒకటి గీశాడు. చూస్తే నాకే కళ్లు చెదిరాయి. క్లాసులో పిల్లలు చప్పట్లు కొడతారు, సందేహం లేదు.

"ఇది అమరావతి గదరా!" అన్నాను.

"ఇల్లాగే ఉండేదేమో మామయ్యా. ఎవరు చూడొచ్చారు?"

"అందుకే వద్దు."

వాడికి కోపం వచ్చింది. నాలుగు రోజుల సెలవు నా నిమ్మకాయల పాలయిందాయె. కాసేపు మాటల్లేవు. పగిలిన రాతి మీద పోయిన అక్షరాన్ని మనం ఊహించి పూరిస్తే, దాన్ని కుండలీకరణాల్లో పెడతాము. ఉన్నదానితో కలిపి అచ్చు వెయ్యము. అది వాడితో ఎల్లా చెప్పాలా అని ఆలోచిస్తూంటే, వాడే అన్నాడు: "పోనీ, కొలత దొరికినంత మటుకు నిండుగా గీస్తాను. వేదిక, మొదలు చుట్టుకొలత. ఆ పైన గీతలే వేస్తాను, రంగు నింపను. శిఖరం అసలు గీయను."

అల్లాగే చేశాడు. వేదికా, మొదలూ ఇటుకరంగుతో నిలబడ్డాయి. పైన గోళం సాలెపట్టులాగ సన్నటి గీతలు, వాటి గుండా వెనక తాడిచెట్లు కనిపిస్తాయి. కొన్ని అడుగులు పైకి వెళ్లాక గీతలు కూడా ఆగిపోతాయి. నిమ్మకాయలను బొమ్మలోనుంచి తుడిచెయ్యడం కూడా ఒక పనేనట, అదీ చేసి, రాత్రి బస్సుకు హైదరాబాదు వెళ్లిపోయాడు.

సెలవులయ్యాక క్లాసులో తెర కట్టి చూపించాను. ఇరవై సెకండ్లెంత, కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. మూడోసారి వేస్తూంటే ఆ అమ్మాయి లేచింది. ముందు కొంతసేపు ఏమీ అనలేదు.

"ఇంత ఉండేదాండీ?" అన్నది.

"అడుగున అంత ఉండేది."

"పైన ఎందుకండీ గీయలేదు?"

"ఎల్లా ఉండేదో తెలియదమ్మా."

ఆ పిల్ల తల పంకించి కూర్చోబోయి, మళ్లీ లేచి తెర దగ్గరకు వచ్చింది. వేదిక మూలగా, గడ్డిలో, వేలు పెట్టి చూపించింది. పసుపుపచ్చగా, గుండ్రంగా, అరచుక్క తప్పు లేకుండా ఉన్నచోటనే ఉన్నది మా తొమ్మిదో నిమ్మకాయ.

"మాస్టారూ, ఎవరికి పెట్టారండీ?" అన్నది.